ఎడమవైపు చోటు

కుట్లత్త బల్ల మీద ఎవరైనా కూర్చోవచ్చు, కానీ కుడివైపు. ఎడమవైపు కూర్చోబోయినవాళ్లను ఆమె నోటితో ఏమీ అనదు. అనడానికి నోరు ఖాళీగా ఉంటే కదా! పొద్దున్నే వచ్చి కుట్టుమిషను మీది గుడ్డ తీసిన దగ్గర్నుంచి సాయంత్రం గదికి తాళం వేసేదాకా పెదాల మధ్య గుండుసూదులే. అందుకని మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడుస్తుంది. ఆ పోటు తిన్నవాళ్లు మళ్లీ జన్మలో అటువైపు చేరరు.

ఆమెకూ అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, నాటక సంఘంలో దాన్ని వాడిన పాపాన పోయినవాళ్లు లేరు. రాజుగారి జరీ కోటు నుంచి బిచ్చగాడి చిరుగుల చొక్కా దాకా అన్నీ ఆమె చేతి కుట్లే కాబట్టి కుట్లత్త అయింది. చిరుగుల్ని కూడా పద్ధతిగా కుట్టాలంటుంది. లేకపోతే నాలుగో ప్రదర్శనకల్లా బిచ్చగాడు నిజంగానే దిక్కులేనివాడైపోతాడట. రంగస్థలం వెనక మెట్ల కింద ఆమె గది. లోపల ఇస్త్రీపెట్టె ఆవిరి, కలరా ఉండల వాసన, కొయ్యలకు వేలాడే ఎవరెవరివో భుజాలు. కొత్తవాళ్లు ఆ గదిలోకి వెళ్లాలంటే కాస్త జంకుతారు. మనుషులు లేని బట్టలు అన్ని ఒకచోట ఉంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఈ ఎడమవైపు చాదస్తం ఇవాళ్టిది కాదు. పెళ్లయిన కొత్తలో మొగుడు, పాపం, మంచం మీద ఎడమవైపు పడుకున్నప్పుడల్లా తప్పే అవుతుంటే, "గోడ ఉన్నా ఫరవాలేదు గానీ మనిషి ఉండకూడదా?" అని నవ్వాడట. ఆయన లారీల షెడ్డులో ఫిట్టరు. ఏ బోల్టుకు ఏ నట్టో తెలిసిన మనిషి గనక సర్దుకుపోయాడు. పోయేదాకా కుడివైపే పడుకున్నాడు. కూతురు మాత్రం సర్దుకోలేదు. చిన్నప్పుడు రోడ్డు మీద ఎడమచెయ్యి పట్టుకోబోతే తల్లి విదిలించేసి, చుట్టూ తిప్పి కుడిచెయ్యి అందించేది. "మా అమ్మ ఎడమచేతికి నేను పనికిరాలేదు" అని ఆ కూతురు ఇప్పుడు తన పిల్లలకు చెప్పి నవ్విస్తుంది. హాస్యానికే అంటుంది. విన్నప్పుడల్లా కుట్లత్తకు మనసు చివుక్కుమంటుంది. నిజం చెప్పేస్తే పోతుంది కదా అంటే, చెప్పదు. చెబితే ఆ చోటు ఎవరిదో చెప్పాలి.

అది వాళ్ల అక్కది. అక్క పోయి యాభై ఏళ్లు దాటింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ నూలు మిల్లులో పనిచేసేవాళ్లు. మిల్లుకు ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉండేది. అందులో చెల్లెలు గోల్ కాచే గోలీ, అక్క ఎడమవైపు కాచే లెఫ్ట్ బ్యాక్. ఈ సంగతి నాటక సంఘంలో ఎవరికీ తెలియకుండానే పోయేది, ఎలక్ట్రీషియన్ చెయ్యి జారకపోతే. వేదిక పైన నిచ్చెనెక్కి లైట్లు బిగిస్తున్నవాడు కాస్తా ఒక దీపం జారవిడిచాడు. కింద చంకలో బట్టల మూటతో పోతున్న కుట్లత్త మూట వదిలేసి, పక్కకు ఒక్క అంగ వేసి, దీపాన్ని రెండు చేతులతో అందుకుని గుండెలకు హత్తుకుంది. అందరూ నోరెళ్లబెట్టారు. ముందు వరసలో కూర్చున్న డైరెక్టరమ్మాయి ఒక్కతే లేచి వచ్చింది. ఆ పిల్ల కాలేజీ రోజుల్లో కాస్త బంతి తన్నిన మనిషి.

"అత్తా, మీరు గోలీనా?" అంది.

కుట్లత్త పెదాల మధ్య సూదులు కదలకుండా తలూపింది.

ఆ తలూపుడు పట్టుకుని, ఏ జట్టో ఆరా తీసి డైరెక్టరమ్మాయి మిల్లు దాకా వెళ్లింది. ఆఫీసు గదిలో అద్దాల బీరువా నిండా మగవాళ్ల జట్టు కప్పులే. ఆడవాళ్ల జట్టు సంగతి అడిగితే గేటు దగ్గర ముసలాయన, "ఆడవాళ్లు ఇక్కడ దారం చుట్టారమ్మా, బంతి తన్నలేదు" అన్నాడట. ఒకప్పటి మైదానంలో లారీలు నిలబడి ఉన్నాయి. ఆ పిల్ల ముక్కు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చి, "రాసిపెట్టినవాళ్లు లేకపోతే మానె. మనం ఆడి చూపిద్దాం" అంది.

అప్పట్నుంచి మధ్యాహ్నాలన్నీ కుట్లత్త చెప్పడం, నటీమణులు చేసి చూడడం. అన్నదమ్ముల పాత నిక్కర్లు నడుముకు తాడుతో ఎలా బిగించుకునేవాళ్లో చెప్పింది. కాళ్లకు పెద్దవైన బూట్లలో మిల్లులో మిగిలిన నూలు పీచు కుక్కుకునేవాళ్లు. వాన పడితే ఆ పీచు నీళ్లు పీల్చి, పరుగెత్తే కాలు మణుగు బరువయ్యేది. షిఫ్టు కూత వినిపిస్తే గోల్ పడబోతున్నా సరే ఆట వదిలేసి గేటుకేసి పరుగే. అక్క గురించీ చెప్పింది. అక్కది ఎడమకాలి వాటం. ఎడమ భుజం కాస్త దించి పరుగెత్తేది. గోలీ చేతిలోకి బంతి వస్తే చాలు, అటు చూడకుండానే "ఉన్నానే!" అని ఒక్క కేక వేసేది. చెల్లెలూ చూసుకోకుండానే ఎడమవైపు విసిరేది. బంతి వెళ్లి అక్క కాలి కింద ఆగేది. ఒకసారి అక్కకు జ్వరం వచ్చింది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. వారం తిరక్కుండానే పోయింది.

కుట్లత్త అంతవరకే చెప్పి మళ్లీ సూదులు నోట్లో పెట్టుకుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె ఎందుకు చెప్పలేదంటే, అప్పట్లో విన్నవాళ్లంతా నవ్వారు గనక. అసలు సంగతిది. అక్క పోయాక జట్టులోకి ఇంకొకర్ని తీసుకోలేదు. మొదటి ఆటలో గోలీ బంతి పట్టుకుని, అలవాటు చొప్పున ఎడమవైపు విసిరేసింది. అక్కడ ఎవరూ లేరు. బంతి దొర్లుకుంటూ గీత దాటిపోయింది. అవతలి జట్టు పగలబడి నవ్వింది. ఇవతలివాళ్లు ఒక్కరూ ఆమెను తిట్టలేదు. తర్వాతి ఆటలో, దారం చుట్టే వరసంతా తన అదుపాజ్ఞల్లో ఉంచుకునే కెప్టెన్ మేస్త్రమ్మ ఎవరూ చెప్పకుండానే మొదటి బంతిని గోలీకి వెనక్కి తన్నింది. గోలీ, "అక్కా, ఉన్నావా?" అని అడిగి, ఎడమవైపు వదిలింది. బంతి గీత దాటింది. అప్పట్నుంచి అదే కట్టుబాటు. ప్రతి ఆటలోనూ మొదటి బంతి అక్కది. ఆడేది పదిమంది. అక్క చోట్లో ఎవరూ నిలబడరు.

ఎదుటి జట్లు గుడ్డివి కావు కదా. ఆ ఖాళీలోంచే వచ్చి గోల్ మీద గోల్ కొట్టాయి. ఆడిందల్లా ఓడిపోయారు. "పదకొండు లెక్కపెట్టడం రాని జట్టు" అని మిల్లంతా నవ్వింది. చివరికి బూట్లు, బంతులు వెనక్కి తీసుకుని జట్టును మూసేశారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు గానీ, ఈ చేను పండలేదు. లారీల పాలైంది.

గోలీ మనసులో మాత్రం ఇంకొకటి ఉండిపోయింది. మిగతావాళ్లకు అది గౌరవం. ఆమెకు కాదు. ఆమె నిజంగానే అడిగేది. "ఉన్నావా?" అని బంతి వదిలి, ప్రతిసారీ చెవులు రిక్కించుకుని జవాబు కోసం చూసేది. ఒక్కసారీ రాలేదు. రానురాను ఆ గొంతు ఎలా ఉండేదో కూడా మరిచిపోయింది. అక్క ముఖం గుర్తుంది, నడక గుర్తుంది, తడిసిన బూటు వాసన గుర్తుంది. గొంతు లేదు. గొంతు పోయాక ఆమెకు మిగిలింది చోటొక్కటే. అందుకే కళ్లలో వత్తులు వేసుకుని దాన్ని కాచుకుంటోంది. ఖాళీ రంగస్థలం మీద మధ్యాహ్నం పూట చెక్కలు చప్పుడు చేస్తాయి, పాత చెక్కలు చేస్తూనే ఉంటాయి. ఒక్కోసారి ఆ చప్పుడు ఒక పక్కకు ఒరిగి, ఎడమకాలు బరువుగా, కుడికాలు తేలిగ్గా పడినట్టు ఉంటుంది. అప్పుడు కుట్లత్త మిషను తొక్కడం ఆపి, ఆ చప్పుడు ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది.

ఇవేవీ తెలియని డైరెక్టరమ్మాయి నాటకం రాసుకొచ్చింది. బాగా రాసింది కూడా. అక్క పోయిన తర్వాత జట్టు కుంగిపోతుంది. అప్పుడో బెదురు పిల్ల వస్తుంది. అక్క జెర్సీ తొడుక్కుని అక్క చోట్లో నిలబడుతుంది. చివరి ఆటలో గెలుపు గోల్ కొడుతుంది. తెర. చదివి వినిపిస్తుంటే అందరూ కళ్లు తుడుచుకున్నారు. కుట్లత్త కళ్లు మాత్రం తుడుచుకోలేదు. లేచి వెళ్లి ఇస్త్రీపెట్టె వేడి పెట్టింది.

ఆ బెదురు పిల్ల వేషం పిచ్చుక అని అందరూ పిలిచే పిల్లకు ఇచ్చారు. సంఘంలో అందరికన్నా చిన్నది, అందరికన్నా ఎక్కువ వాగేది. పెద్ద వేషం రావడం అదే మొదలు. సంతోషం పట్టలేక రోజుకోసారి కుట్లత్త గదికొచ్చేది.

"అత్తా, నా జెర్సీ అయిందా?"

అవలేదు. మిగతా పదీ కొయ్యలకు వేలాడుతున్నాయి. పదకొండోదానికి గుడ్డ కత్తిరించి కూడా ఉంది. మిషను కింద పెడితే చాలు, దారం చిక్కుపడేది. విప్పి మళ్లీ పెడితే సూది విరిగేది. మిషనుదేం తప్పు? తొక్కే కాలు ఒప్పుకోలేదు.

రిహార్సలు మొదలైన కొన్నాళ్లకు పిచ్చుక వాగడం తగ్గింది. తన చోట్లో నిలబడమంటే ఒకడుగు ముందుకో, ఒకడుగు పక్కకో జరిగేది. డైరెక్టరమ్మాయి నేల మీద సుద్దతో గుర్తు పెట్టింది. అయినా జరిగేది. ఆఖరికి అమ్మాయికి చిర్రెత్తుకొచ్చింది.

"నీకేమైనా కళ్లు కనిపించట్లేదా? అక్కడే కదా గుర్తు పెట్టింది!"

"నిలబడదామనే చూస్తున్నానక్కా. అక్కడ చోటు చాలట్లేదు."

"చోటు చాలకపోవడమేంటే? పక్కన ఎవరూ లేరుగా. కావాలంటే బండి తోలుకోవచ్చు!"

"ఏమో అక్కా. ఇరుగ్గా ఉంది. ఎవరో ఉన్నచోట దూరినట్టుంది." పిచ్చుక నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

పక్క తెర చాటున బల్ల మీద కూర్చున్న కుట్లత్త ఆ మాట విని, నోట్లో సూదులన్నీ అరచేతిలోకి ఊసింది. రిహార్సలు జరుగుతుండగా ఆమె నోరు ఖాళీ చేయడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నడుం పట్టుకుని లేచి, వేదిక మీదకు వచ్చింది.

"అమ్మాయ్, ఆ పిల్లను తిట్టకు. తప్పు దానిది కాదు. ఆ చోట్లో ఎవరూ నిలబడలేదు."

నిలబడే అంతా చెప్పింది. పదిమంది సంగతి, మొదటి బంతి సంగతి, నవ్వుల సంగతి. చెబుతున్నంతసేపూ సుద్ద గుర్తు వైపు చూడలేదు. డైరెక్టరమ్మాయి మెట్టు మీద చతికిలబడింది. పాపం, ఆమె కష్టమూ చిన్నది కాదు. టిక్కెట్లు వేశారు, గోడలకు కాగితాలు అంటించారు, ఆఖరి సీను చూసి చప్పట్లు కొట్టనివాడు మనిషే కాదని అందరూ అన్నారు.

"అత్తా, ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఇలా మొహం పెడతావని."

"కోపం కాదు. వాళ్లు గెలవాలి కదా అత్తా! ఎవరికీ తెలియని జట్టు, చివరికి ఓడిపోయిందని చూపిస్తే ఎవరు చూస్తారు?"

"చూసేవాళ్లు లేకపోయినా మేం ఆడాం కదమ్మా."

కుట్లత్త అంతటితో ఊరుకుంటే బాగుండేదేమో, ఆగలేదు. "గెలిపిస్తే గెలిపించుకో. ఇంకో జట్టు పేరు పెట్టుకుని గెలిపించు. మేం పదిమందిమి ఆడిన ఆటలన్నీ పోగొట్టుకుని ఆ ఒక్క చోటూ నిలుపుకున్నాం. మిగతావాళ్లు ఒక్కొక్కరే పోయారు. నేనున్నాను. ఇప్పుడు నా ఎదురుగా అక్కడ ఇంకొకర్ని నిలబెడితే, మా అక్క ఎక్కడికి పోవాలి?"

పిచ్చుకే ముందు కదిలింది. సుద్ద గుర్తు చుట్టూ జాగ్రత్తగా తిరిగి, అవతలికి వెళ్లి నిలబడింది. మొదటిసారి వచ్చిన పెద్ద వేషం చేజారుతోందని తెలిసీ కదిలింది. "అక్కా, నాకు రిఫరీ వేషం ఇవ్వు. ఈల వెయ్యడం నాకు బాగా వచ్చు," అంది డైరెక్టరమ్మాయితో.

డైరెక్టరమ్మాయి సుద్ద గుర్తును చాలాసేపు చూసి, చెప్పు కాలితో చెరిపేసింది. ఆఖరి సీను మళ్లీ రాసింది. అందులో జట్టు ఓడిపోతుంది.

కొత్త సీను ఇలా ఉంటుంది. గోలీ వేషం వేసిన అమ్మాయి వేదిక వెనకవైపు, ప్రేక్షకులకు ఎదురుగా నిలబడుతుంది. బంతి అందుకుని, "అక్కా, ఉన్నావా?" అని ఎడమవైపు వదులుతుంది. అటువైపు తెర చాటునే కుట్లత్త బల్ల. బంతి వేదిక దాటి, బల్ల పక్కనుంచి దొర్లి, వెనక గోడకు ధబ్‌మని తగిలి ఆగుతుంది. ఆ చప్పుడు విన్నాకే మిగతా తొమ్మిదిమంది కదలాలి. రిహార్సల్లో ఎన్నిసార్లు చేసినా అంతే. అడగడం, దొర్లడం, ధబ్. ప్రతిసారీ కుట్లత్త చెవులు రిక్కించేది. ప్రతిసారీ గోడే పలికేది. ఇక ఈ వయసులో ఆశపడడానికి సిగ్గేసి, చివరి రిహార్సల్‌కు ఆమె వినడం మానేసింది.

ప్రదర్శన రోజు హాలు ముప్పాతిక నిండింది. కూతురు కూడా వచ్చింది. ఆమెకు అమ్మ బంతి ఆడిందన్న సంగతి గోడ మీది కాగితం చూసేదాకా తెలియదు. వచ్చి తల్లిని పలకరించకుండానే వెళ్లి ముందు వరసల్లో కూర్చుంది.

ఆట బాగా నడిచింది. నిక్కర్ల తాళ్లకు జనం నవ్వారు, షిఫ్టు కూతకు పరుగెత్తినప్పుడు ఇంకా నవ్వారు. అక్క లేదన్న కబురు వచ్చాక హాల్లో దగ్గు కూడా వినపడలేదు. సరిగ్గా అప్పుడే మిల్లు మేనేజరు కోటు చంక దగ్గర పిగిలింది. వేషగాడు దాన్ని కుట్లత్త ఒళ్లో పడేసి పక్కన గంతులేస్తున్నాడు. మరో రెండు నిమిషాల్లో అతను వేదిక మీద ఉండాలి. కుట్లత్త పెదాల మధ్య సూదులు బిగించి, ఒక్కొక్కటే తీసి చంక కింద గుచ్చుతోంది. వేదిక మీద పిచ్చుక ఈల వేసింది. బంతి వెనక్కి వచ్చింది.

"అక్కా, ఉన్నావా?"

బంతి దొర్లిన చప్పుడు చెక్కల మీదుగా దగ్గరకొచ్చింది.

"ఉన్నానే!"

హాలంతా అదిరేలా ఒక్క కేక. వయసులో ఉన్న గొంతు, కాస్త బొంగురు, చివర్న నవ్వు కలిసిన గొంతు. వేదిక మీద గోలీ అమ్మాయి ఉలిక్కిపడింది. పదిమందీ ఎడమవైపు తిరిగి నిలబడిపోయారు. హాల్లో ఎవరో ఏడ్చారు. వేషగాడు కోటు లాక్కుని, "అబ్బ, ఏం అరిచావత్తా!" అని గుసగుసలాడి వేదిక మీదకు పరుగెత్తాడు.

కుట్లత్త చేతులు కోటు పట్టుకున్నట్టే గాల్లో ఉండిపోయాయి. ఆ గొంతు ఆమెకు తెలుసు. మరిచిపోయాననుకుంది గానీ, చెవులు మరవలేదు. గోడకు బంతి తగల్లేదని కాసేపటికి గుర్తొచ్చింది. మెల్లగా తల తిప్పింది. బల్లకు ఎడమవైపు, ఒక మనిషి కాలు చాపితే అందేంత దూరంలో, బంతి ఆగి ఉంది.

చప్పట్లు అయిపోయాయి. తెర పడ్డాక డైరెక్టరమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ వచ్చి, "రేపు కూడా అలాగే అరవాలి అత్తా!" అని భుజం తట్టి, ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. జనంలోంచి తోసుకుంటూ కూతురు వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అమ్మా, నాకెందుకు చెప్పలేదే? ఇన్నేళ్లూ నేనంటే ఇష్టం లేదేమో అనుకున్నా. ఆ కేకేంటమ్మా, నా గుండె జారిపోయింది. నీ గొంతులో అంత ఉందని నాకు తెలియనే తెలియదు."

కుట్లత్త చెయ్యి చాపమన్నట్టు కూతురికి సైగ చేసింది. కూతురు అరచెయ్యి పట్టింది. తల్లి వంగి, పెదాలు విప్పి, నోట్లో మిగిలిన గుండుసూదులన్నీ ఆ చేతిలో రాల్చింది.

కూతురు సూదుల వైపు చూసింది. తల్లి మొహం చూసింది. తర్వాత బల్లకు ఎడమవైపు ఆగి ఉన్న బంతిని చూసింది. అరచెయ్యి దొప్పలా చేసి, ఒక్క సూదీ కింద పడనివ్వలేదు.

బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, తల్లికి కుడివైపున కూర్చుంది.